నమ్మని నేను స్టార్ ఎందుకు కడతాను?

(మా పల్లె ముచ్చట్లు – 14)

పోయిన నెల ఒక పట్నంలో హేతువాద మిత్రులు పెట్టిన క్లాసుకు వెళ్లాను. ముప్పై మంది దాకా డిగ్రీ పిల్లలు వచ్చారు. కులం గురించి రెండు గంటలు మాట్లాడాను. చివర్లో వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి అడిగింది.

"అక్కా, మీరు దేవుడు లేడంటారు. కానీ డిసెంబరు వస్తే మీ ఇంటి ముందు స్టార్ వెలుగుతుంది. మీ ఫోటోల్లో చూశాను. నమ్మనివాళ్లు క్రిస్మస్ ఎందుకు చేసుకోవాలి?"

"అది మా సంస్కృతి తల్లీ" అన్నాను. అందరూ తలూపారు. ఆ అమ్మాయి కూడా కూర్చుంది. టీ తాగి బస్సెక్కాను.

బస్సులో కూర్చున్నాక సిగ్గేసింది. ఎందుకంటే సంస్కృతి అనే ఆ మాట నాది కాదు. పెద్ద కులాల నాస్తిక మిత్రులు దీపావళికి ప్రమిదలు పెట్టుకుని, ఇంట్లో వ్రతానికి పట్టుచీర కట్టుకుని "నమ్మకం కాదండీ, సంస్కృతి" అంటుంటే ఇరవై ఏళ్లుగా వాళ్లతో పోట్లాడుతున్నదాన్ని నేను. ఇప్పుడు నన్ను అడిగేసరికి అదే మాట అప్పు తెచ్చుకున్నాను. ఆ అమ్మాయికి నేను బాకీ ఉన్నాను. ఈ వారం ఆ బాకీ తీరుస్తాను. ఇందులో మా ఇంటి సంగతులు ఉన్నాయి. ఇంట్లోవాళ్లని అడిగే రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా ఊళ్లూ ఏళ్లూ కొంచెం అటూ ఇటూ చేశాను.

ముందు నా అవిశ్వాసం సంగతి చెప్తా.

మాది ప్రకాశం జిల్లా వైపు ఒక మాదిగపల్లె. పల్లెలో బాప్టిస్టు చర్చి. మా అమ్మ నలభై ఏళ్లుగా ఆ చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. చదువు రాదు, పాటల పుస్తకం మొత్తం నోటికి వచ్చు. నేను అమ్మ ఒళ్లో కూర్చుని వాక్యం వింటూ నిద్రపోయినదాన్ని. సండే స్కూల్లో కంఠత వాక్యాలకి స్టీలు గ్లాసు ప్రైజు తెచ్చుకున్నదాన్ని.

హాస్టల్లో అంబేద్కర్ పుస్తకాలు చదివి దేవుణ్ణి వదిలేశానని చాలామంది అనుకుంటారు. పుస్తకాలు తర్వాత. ముందు మా పెదనాన్న కూతురి పెళ్లి. అవతలి పల్లెలో మాలల చర్చి అబ్బాయి. ఇద్దరూ ప్రభువు బిడ్డలే, ఇద్దరి పేర్లూ బైబిల్లోవే. రెండు చర్చిల పెద్దలూ కూర్చుని ఆ పెళ్లి చెడగొట్టారు. ఒక చర్చిది ఒక శ్మశానం, ఇంకో చర్చిది ఇంకో శ్మశానం. రెండిటికీ మధ్య తుమ్మచెట్ల వరస. చచ్చి మట్టిలో కలిసేటప్పుడు కూడా దాటలేని ఆ తుమ్మచెట్ల వరస చూశాక, పైన ఒకాయన కూర్చుని అందర్నీ ఒకేలా చూస్తున్నాడనే మాట నా గొంతు దిగలేదు. రెడ్డి క్రైస్తవులకీ కమ్మ క్రైస్తవులకీ వేరే సంబంధాలు, వేరే బంధువర్గం ఉంటాయని తర్వాత తెలిసింది. క్రైస్తవంలోకి వెళ్లిన అంటరానివాళ్ల పరిస్థితి మీద అంబేద్కర్ రాసింది చదివినప్పుడు, అదంతా మా తుమ్మచెట్ల గురించే అనిపించింది.

పద్దెనిమిదేళ్లకు చర్చికి వెళ్లడం మానేశాను. అమ్మ ఏడ్చింది. తర్వాత అలవాటు పడింది. నేను దేవుణ్ణి వదిలిన ఏడాదే క్రిస్మస్‌ని కూడా వదిలేశాను. రెండూ ఒకటే అనుకున్నాను. చాలా ఏళ్లు డిసెంబరు 25కి పల్లెకు వెళ్లకుండా పనులు పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే రెండూ ఒకటి కావు.

మా చిన్నప్పుడు పండగలు అంటే ఊరివి. సంక్రాంతి వస్తే మా నాన్న డప్పు తీసుకుని ఊళ్లోకి వెళ్లేవాడు. అమ్మ గంప తీసుకుని ఆసాముల ఇళ్ల పెరటి గుమ్మం దగ్గర నిలబడేది. అరిసెలు, గారెలు పైనుంచి గంపలో పడేవి. ఊరి పండగల్లో మాకు చోటు లేదని అనలేను. చోటు ఉంది. డప్పు దగ్గర ఉంది, ఎంగిలాకు దగ్గర ఉంది, పెరటి గుమ్మం దగ్గర ఉంది.

క్రిస్మస్ ఒక్కటే మా చేతుల్లోంచి మొదలయ్యే పండగ. డిసెంబరు మొదటి వారంలో గోడలకు సున్నం. వెదురు బద్దలు చీల్చి, రంగు కాయితాలు అంటించి, లోపల బల్బు పెట్టి స్టార్ కట్టేవాళ్లం. రాత్రిళ్లు క్యారల్స్. మేమే పాడతాం, మా గుమ్మాల ముందే పాడతాం, మా డప్పే కొడతాం. చావుకీ చాటింపుకీ కొట్టిన అదే డప్పు. కానీ ఆ రాత్రి ఎవరో పిలిస్తే వచ్చి కొట్టింది కాదు. మా నాన్న ఆ నెలలో డప్పు కాచుకునే తీరు వేరేగా ఉండేది. పండగనాడు పెద్దకూర, అన్నం, అరిసెలు. ఏడాదికి ఒక్క జత కొత్త బట్టలు, అదీ ఆ రోజుకే.

ఆ రోజు పెట్టేవాళ్లం మేము. అది నా బుర్రలో బాగా నాటుకుంది. మా ఇంట్లో పండగ, మేం పెడతాం, తీసుకోవాల్సినవాళ్లు వాళ్లు. అమ్మ స్టీలు పళ్లెంలో అరిసెలు పెట్టి పైన తువ్వాలు కప్పి, నాన్న పని చేసే ఆసామి ఇంటికి నన్ను తోడు తీసుకుని వెళ్లింది ఒక ఏడు. ఆ ఇంటి ఆవిడ నవ్వుతూ "అక్కడ పెట్టి పోవే" అంది, గొడ్లసావిడి అరుగు చూపించి. మర్నాడు గేదెకు కుడితి పెట్టడానికి వెళ్లినప్పుడు మా అరిసెలు ఆ కుడితి తొట్టిలో కనిపించాయి. అమ్మ నాతో ఏమీ అనలేదు. మరుసటి ఏడు నాన్న చేత టౌను బేకరీ నుంచి కేకు తెప్పించి, అట్టపెట్టె విప్పకుండా పట్టుకెళ్లింది. ఆ కేకు తీసుకున్నారు. వాళ్ల పిల్లలు మా ముందే తిన్నారు.

ఇప్పటికీ మా వైపు ఇదే లెక్క. షాపు కేకు తింటారు. మా పొయ్యి మీద వండిన అరిసె తినరు. ఈ మధ్య రాజకీయ నాయకులంతా సెమీ క్రిస్మస్‌లకు వచ్చి కేకు కోసి పాస్టరుగారి నోట్లో పెడుతుంటే చూస్తుంటాను. ఆ కేకు ఎవరు వండారా అని చూస్తాను. అలవాటు.

ఇంకా వెనక్కి వెళ్తే ఒక సంగతి ఉంది. మా ప్రాంతంలో ఈ మతం ఎలా వచ్చిందో తెలిసినవాళ్లకు ఎర్రగుంట్ల పేరయ్య పేరు తెలుసు. తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ పెద్దమనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనకే ఊళ్లకు ఊళ్లు ఒంగోలు మిషను దొర జాన్ క్లౌ దగ్గరికి నడిచాయి. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని మనవాళ్లకు కూలి పెట్టించాడు. తిండి కోసం మారారన్న మాట రాకూడదని కరువు పోయేదాకా బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

చేరినవాళ్లకు ఆ దొర పెట్టిన షరతులు మూడు. విగ్రహాలకు మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చేయకూడదు.

మూడోది చూడండి. వెట్టికి వెళ్లే మనిషి, పిలిస్తే అర్ధరాత్రి లేచి పోవాల్సిన మనిషి, వారంలో ఒక రోజు ఆసామితో "ఈ రోజు రాను" అనడం. ఆ ఒక్క మాటకి తన్నులు తిన్నారు, బావుల దగ్గరికి రానివ్వలేదు, పనుల్లోంచి తీసేశారు. మా ముత్తవ్వలకి దేవుడు ముందు దొరికాడో ఆదివారం ముందు దొరికిందో నాకు తెలియదు. నాకు దేవుడితో పేచీ ఉంది గానీ ఆ ఆదివారంతో లేదు. క్రిస్మస్ ఆ ఆదివారానికి పెద్దక్క. ఎవరి పనికీ పోని రోజు, ఎవరి గుమ్మం ముందూ నిలబడని రోజు.

ఇదంతా చెప్పి ఊరుకుంటే, ఆ అమ్మాయి మళ్లీ లేచి "అవును అక్కా, అదే కదా సంస్కృతి" అంటుంది. అందుకే అసలు సంగతి చెప్పాలి. నేను మళ్లీ స్టార్ కట్టడం ఎప్పుడు మొదలుపెట్టానో.

కొన్నేళ్ల కిందటి మాట. మా అక్క కొడుకు ఒక ఉద్యోగానికి సెలెక్టు అయ్యాడు. ఎస్సీ కోటా. సర్టిఫికెట్ వెరిఫికేషన్ వచ్చింది. ఈలోగా ఊళ్లోంచి ఎవరో ఆకాశరామన్న అర్జీ పెట్టారు. ఈ కుటుంబం క్రైస్తవులు, ఎస్సీ ఎలా అవుతారు అని.

తెలియనివాళ్లకు చెప్తాను. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉంది. ముందు హిందువులైతేనే ఎస్సీ అన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలని, వాళ్ల పిల్లల్ని బీసీ-సిలో పెట్టారు. ఒక్క శాతం రిజర్వేషన్. మారినవాళ్లకీ ఎస్సీ హోదా ఇవ్వాలని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ మూడో పేరా అక్కడే ఉంది.

కరువులో మతం మారిన ముత్తాతని కారంచేడులో గొడ్డలి పట్టుకున్నోడు ఏమని పిలిచేవాడు? 1985 జులైలో తరుముకుంటూ వచ్చినవాళ్లు మీది ఏ మతం అని అడిగి నరకలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మనవాళ్లు చీరాల వచ్చి తలదాచుకున్నది చర్చి ఆవరణలో. తన్నేటప్పుడు కులం, కాగితం ఇచ్చేటప్పుడు మతం.

సరే. డిసెంబరు రెండో వారం. ఎంక్వయిరీకి ఆఫీసు నుంచి మనిషి వస్తున్నాడని కబురు తెలిసింది. అక్క ఫోన్ చేస్తే నేను కూడా వెళ్లాను. వెళ్లేసరికి అమ్మ ముక్కాలి పీట ఎక్కి గోడ మీది చర్చి క్యాలెండరు తీస్తోంది. ఏసుప్రభు బొమ్మ ఉన్న క్యాలెండరు. దాన్ని చుట్టి బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది. గోడ మీద క్యాలెండరు ఉన్నంతమేర తెల్లగా చదరంగా మిగిలిపోయింది. ఆ చోట లోపలి గదిలోంచి అంబేద్కర్ ఫోటో తెచ్చి తగిలించింది. బైబిలు, పాటల పుస్తకం పక్కింటికి పోయాయి.

చూరు కింద పోయినేటి స్టార్ వెదురు చట్రం ఉండిపోయింది. అందరం మర్చిపోయాం.

వచ్చినాయన మర్యాదస్తుడే. గొంతు పెంచలేదు. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు వద్దన్నాడు. రాసుకుంటూ అడిగాడు. పిల్లవాడికి బాప్తిస్మం అయిందా? పెళ్లిళ్లు ఎక్కడ చేశారు? ఆదివారం ఎక్కడికి పోతారు? క్రిస్మస్ చేసుకుంటారా?

తలెత్తి చూరు వైపు చూసి అడిగాడు. "ఆ స్టార్ ఎవరిది?"

నలభై ఏళ్లు పాట ఎత్తుకున్న మా అమ్మ చేతులు కట్టుకుని చెప్పింది. "పిల్లకాయలు ఆటకి కట్టారయ్యా. మాకు యాడ తెలుసు అయ్యన్నీ."

ఆయన పోయాక ఎవరం మాట్లాడలేదు. చాలాసేపటికి అమ్మే అంది, పొయ్యి వైపు చూస్తూ.

"పేతురు మూడుసార్లు అన్నాడు. నేను ఒకసారేగా అంది."

తెలియనివాళ్ల కోసం: ఏసుని పట్టుకుపోయిన రాత్రి, ఆయన శిష్యుడు పేతురు భయపడి ఆయనెవరో నాకు తెలియదని కోడి కూసేలోగా మూడుసార్లు బొంకుతాడు. మా అమ్మ లెక్క వేసుకుంటోంది, తనది ఎన్నోసారని.

నేను ఆ దేవుణ్ణి నమ్మను. కానీ ఆ పూట నాకు వచ్చిన కోపం మాటల్లో చెప్పలేను. ఆ క్యాలెండరు గోడ మీద ఉండడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు. దాన్ని దింపాల్సి వస్తే నేను దింపాలి, వాదించి, అమ్మని ఒప్పించి. మనవడి అన్నం కోసం భయపడి అమ్మ తన చేత్తో దింపుకోవడం కాదు.

అప్పుడు నాకు ఇంకొకటి కూడా తట్టింది. దేవుడు లేడని నేను వంద మీటింగుల్లో మైకు పెట్టి చెప్పాను. నా సర్టిఫికెట్టుకు ఏమీ కాలేదు. 1955 హిందూ వివాహ చట్టం చూడండి, ముస్లిం, క్రైస్తవ, పార్శీ, యూదు కానివాళ్లందరికీ వర్తిస్తుంది. అంటే ఏ దేవుణ్ణీ ఒప్పుకోని నాలాంటిది కూడా కాగితం మీద హిందువే. మా అక్క కొడుకు కళ్లు మూసుకుని ఒక్క ప్రార్థన చేస్తే మాత్రం కులం పోతుందట. నా నాస్తికత్వం ధైర్యమని ఇన్నాళ్లూ అనుకున్నాను. మా ఇంట్లో దానికే అన్నిటికన్నా తక్కువ ఖరీదు.

ఆ ఏడు మా ఇంటికి సున్నం వెయ్యలేదు. స్టార్ కట్టలేదు. ఇరవై నాలుగో తారీకు రాత్రి పల్లె అంతా వెలుగుతుంటే మా ఇల్లు ఒక్కటే పన్ను ఊడినట్టు చీకటిగా ఉంది. క్యారల్స్ వాళ్లు మా గుమ్మం దగ్గరికి వచ్చి ఆగబోయారు. అమ్మ తలుపు సందులోంచి చెయ్యి ఊపింది, పొండి పొండి అని. వాళ్లకీ తెలుసు. డప్పు ఆపి, పాట గొంతు తగ్గించి దాటిపోయారు. అమ్మ లోపల చీకట్లో నిలబడి ఆ పాటే పెదాల మీద పాడుకుంది. శబ్దం లేదు.

నేను దారిలో బజార్లో ఒక ప్లాస్టిక్ స్టార్ కొనుక్కుని వెళ్లాను, ఏదో మొండితనంతో. అక్క నా చేతిలోంచి లాక్కుంది.

"నీకేమే. నువ్వు నమ్మవు. నీ సర్టిఫికెట్ ఎవడూ అడగడు."

కోపంతోనే అంది. కానీ నాకు దారి చూపింది అదే. నిజమే, నా సర్టిఫికెట్ ఎవడూ అడగడు. పండగ అయ్యాక నేను ఉండే పట్నం అద్దె ఇంటికి ఆ స్టార్ తెచ్చి, గుమ్మం మీద కట్టాను. ఇరవై ఏళ్ల తర్వాత నేను కట్టిన మొదటి స్టార్. నూతన సంవత్సరం దాటాక కూడా తీయలేదు. అప్పటి నుంచి ప్రతి డిసెంబరూ కడుతున్నాను.

ఇది రాస్తుంటే ఆ అమ్మాయి అడగబోయే ప్రశ్నలు ఇంకో రెండు కనిపిస్తున్నాయి.

ఒకటి. నమ్మకుండా పండగ చేస్తే నమ్మేవాళ్లని మోసం చేసినట్టు కాదా? దీనికి నాకొక గీత ఉంది. ఉల్లిపాయలు కోస్తాను, పిండి దంచుతాను, స్టార్ కడతాను, అమ్మతో పాట పాడతాను. ప్రార్థనకి మోకరించను. బల్ల తీసుకోను. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం అంటే నేను నమ్ముతున్నానని ఆ నమ్మేవాళ్ల మధ్య చెప్పడం. అది అబద్ధం అవుతుంది, వాళ్లకి అవమానం కూడా. జబ్బులకి ప్రార్థన చేయించి ఆసుపత్రికి పంపని చోట పండగపూటైనా సరే గొడవ పెట్టుకుంటాను. కానుకల లెక్క అడుగుతాను. తుమ్మచెట్ల సంగతి ప్రతి ఏడూ ఎత్తుతాను. అందుకే అయ్యగారికి నేనంటే భయం.

రెండోది. అలాగైతే దీపావళి చేసుకునే నాస్తికులతో మీకెందుకు గొడవ? వాళ్లు చేసుకోవద్దని కాదు. జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒకరో ఇద్దరో. అయినా 1970ల నుంచి అక్కడ డిసెంబరు 24న కేఎఫ్‌సీ చికెన్ కోసం, కేకు కోసం ముందే ఆర్డర్లు పెట్టుకుంటారు. వాళ్లని ఎవరైనా నమ్ముతారా అని అడిగారా? ఎవరి పండగ మీద ఎంక్వయిరీ లేదో వాళ్లు హాయిగా చేసుకోవచ్చు. దాన్ని సంస్కృతి అనుకోవచ్చు. గుమ్మం మీద దీపం కనిపిస్తే సంస్కృతి, స్టార్ కనిపిస్తే సాక్ష్యం. ఆ తేడా చూడకుండా రెండూ ఒకటే అనేవాళ్లతోనే నా గొడవ.

సాక్ష్యం అని ఊరికే అనడం లేదు. 2024 నవంబరు 26న, సరిగ్గా రాజ్యాంగ దినోత్సవం నాడు, పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చర్చికి వెళ్తూ, క్రైస్తవాన్ని ఆచరిస్తూ, ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని పాస్టరుగా ఉన్న ఒకాయన పెట్టిన కేసులో, మతం మారినవాళ్లకి అట్రాసిటీ చట్టం వర్తించదంది. ఎవరు మోసం చేశారో, ఎవరు మోసపోయారో మా ముత్తవ్వల నుంచి లెక్క తీయాలి. అది ఇంకో భాగంలో రాస్తాను.

ఇంకొకటి కూడా ఉంది. డిసెంబరు 25 మాకు ఒక్క పండగ రోజే కాదు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టింది ఆ రోజే. 1968లో తమిళనాడు కీళ్వెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మందిని, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ఒక గుడిసెలో పెట్టి కాల్చేసింది ఆ రాత్రే. మా పల్లెలో కుర్రవాళ్లు ఇప్పుడు చర్చి అవగానే కొత్త బట్టలతోనే అంబేద్కర్ బొమ్మ దగ్గరికి వస్తారు. మనుస్మృతి కాగితాలు తగలబెడతాం. కీళ్వెణ్మణి పేరు చెప్పి రెండు నిమిషాలు నిలబడతాం. తర్వాత పోయి కూర తింటాం. నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు అని అక్కడ ఎవరూ వేరే వరసలు కట్టరు. అమ్మ కూడా వస్తుంది. మంట చూసి "బాగా కాలనియ్యండిరా" అంటుంది.

పోయిన ఏడు అన్నం పెడుతూ నన్ను అడిగింది.

"దేవుడు లేడంటావు గదా. మరి ఆయన పుట్టినరోజు కూర ఎట్టా దిగతందే నీకు?"

"కూర వండింది నువ్వు గదమ్మా" అన్నాను.

నవ్వి ఇంకో గరిటె వేసింది.

మా అక్క కొడుక్కి సర్టిఫికెట్ వచ్చింది. ఉద్యోగంలో చేరాడు. దూరం ఊళ్లో అద్దెకి ఉంటున్నాడు. వాడు నమ్ముతాడు. నాలాగా కాదు, నిజంగా నమ్ముతాడు. రాత్రి పడుకోబోయే ముందు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాడు. బాప్తిస్మం తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో నన్ను అడగకండి, మీకు తెలుసు.

పోయిన డిసెంబరులో వాడి దగ్గరికి వెళ్తూ ఒక స్టార్ తీసుకెళ్లాను. సంచిలోంచి తీసి చూపిస్తే చాలాసేపు చేత్తో పట్టుకుని చూశాడు. పెద్ద స్టార్, లోపల లైటు కూడా ఉంది. స్విచ్ వేసి, వెలిగించి, మళ్లీ ఆర్పేశాడు.

"వద్దు పిన్నీ. ఇక్కడ ఎవరికీ తెలియదు. నువ్వే తీసుకెళ్లు. మీ ఇంటికి కట్టు."

మడిచి నా సంచిలో పెట్టాడు.

ఆ స్టారే తల్లీ, నువ్వు ఫోటోలో చూసింది. నమ్మేవాడు కట్టుకోలేడు కాబట్టి నమ్మని నేను కట్టాను. వాడు తన గుమ్మం మీద తాను కట్టుకోగలిగిన ఏడు వస్తే, అప్పుడు నన్ను మళ్లీ ఇదే ప్రశ్న అడుగు. ఆ ఏడు నేను మానేస్తానేమో. లేదంటే అరిసెల కోసం చేసుకుంటానేమో.

జై భీమ్.

(వచ్చే వారం: శ్మశానం మధ్య తుమ్మచెట్లు)